“టీలో ఏం కలిపావురా?”

(మన గుడి కమ్యూనిటీ హాలులో ఆదివారం భజన తర్వాత జరిగిన ఆరోగ్య కార్యక్రమంలో ఒక వాలంటీరు చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యులు అడగడంతో ఇక్కడ ప్రచురిస్తున్నాం.)

 

నేను మీలో చాలామందికి గొంతుతోనే తెలుసు. గుడి వెబ్‌సైట్‌లో అర్చన బుక్ అవకపోయినా, కార్డు మీద డబ్బులు రెండుసార్లు కట్ అయినా మీరు ఫోన్ చేసేది నాకే. ఇవాళ మాత్రం కమిటీవాళ్లు నన్ను టీ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని కాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడ్ రాసుకునేవాణ్ణి. మన డాక్టరుగార్లు ముందు వరుసలోనే ఉన్నారు. నేను తప్పు చెబితే అక్కడే ఆపేయండి, ఏమీ అనుకోను.

విషయం ప్రొటీన్ మసాలా టీ లాటే. పేరు పెద్దది గానీ వస్తువు చిన్నది. మామూలు టీ కంటే పాలు కాస్త ఎక్కువ, పైన నురుగు, లోపల కొంచెం ప్రొటీన్. ఇక్కడ కాఫీ షాపుల్లో చాయ్ లాటే అని అమ్మేది చాలాచోట్ల ముందే తీపి కలిపి ఉంచిన సిరప్‌తో చేస్తారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్క ప్రకారం విడిగా కలుపుకునే చక్కెర రోజు మొత్తానికి ఆడవాళ్లకు 25 గ్రాములు, మగవాళ్లకు 36 గ్రాములు దాటకూడదు. ఒక్క పెద్ద కప్పు చాయ్ లాటేతో ఆ హద్దు దగ్గరకు వెళ్లిపోవచ్చు, దాటిపోవచ్చు కూడా. ఇంట్లో చేసుకుంటే తీపి మన చేతిలో ఉంటుంది.

కానీ ఈ టీ నేను ఫ్యాషన్ కోసం మొదలుపెట్టలేదు. మా నాన్నగారి కోసం మొదలుపెట్టాను. మొదట్లో ఒక పెద్ద తప్పు కూడా చేశాను. ఆ తప్పు గురించి చెప్పమనే నాన్న నన్ను ఇవాళ ఇక్కడికి పంపారు.

వ్రతం రోజు

పోయిన కార్తీక పౌర్ణమికి మన హాల్లోనే సామూహిక సత్యనారాయణ వ్రతాలు జరిగాయి, గుర్తుందా? మేమూ కూర్చున్నాం. నాన్నకు 71 ఏళ్లు. తెనాలి దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి రెండేళ్లయింది, అప్పటినుంచి మా దగ్గరే ఉంటున్నారు. కథ అయింది, హారతి అయింది, అందరూ లేచారు. నాన్న లేవలేకపోయారు. ఒక చెయ్యి నేల మీద ఆనించి ప్రయత్నించారు, మళ్లీ కూర్చుండిపోయారు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపారు. ఆ అబ్బాయిలు ఎంతో మర్యాదగా లేపారు, వాళ్లకు నా నమస్కారం. నాన్న మాత్రం కారులో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు గుడికి రాలేదు. “మోకాలు నొప్పిరా” అన్నారు ఒకసారి. “చలిగా ఉంది” అన్నారు ఇంకోసారి. ఒహాయోలో నవంబరుకి చలి మామూలే కదా, నేనూ నమ్మాను. మా ఆవిడ నమ్మలేదు. “మావయ్యగారికి నొప్పి కాదండీ, మొహమాటం. నలుగురిలో లేవలేకపోతానేమోనని” అంది. తెల్లవారుజామున లేచి స్నానం చేయనిదే మంచినీళ్లు ముట్టని మనిషికి గుడి లేకపోతే ఇక ఈ దేశంలో ఏముంది?

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మోకాళ్లు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. తొడల్లో కండ తగ్గిపోయిందన్నారు. వయసు పైబడేకొద్దీ కండ కరగడం అందరికీ ఉండేదేనట. తిండిలో ప్రొటీన్ తక్కువై, కదలిక కూడా తగ్గితే అది తొందరగా జరుగుతుంది. “రోజూ ఏం తింటున్నారు?” అని అడిగారు. “అన్నీ తింటున్నారండీ” అన్నాను. అది మన అందరి జవాబు.

కాగితం మీద పెడితే

ఇంటికొచ్చి, నా అలవాటు ప్రకారం స్ప్రెడ్‌షీట్ తెరిచాను. నాన్న వారం రోజులు తిన్నది రాశాను. పొద్దున రెండు ఇడ్లీలు, సుమారు 4 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం అన్నంలో 6, గరిటెడు పప్పులో 6, పెరుగులో 5. రాత్రి రెండు పుల్కాలు, కూర కలిపి 6. మూడు పూటలా చిన్న గ్లాసు టీ, అందులో పాలు కొంచెమే కాబట్టి గ్లాసుకి 2 చొప్పున 6. బిస్కెట్లకి 1. మొత్తం 34 గ్రాములు.

ఎంత కావాలి? హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, మనలో కొందరు ఆ వీధిలోనే పెరిగి ఉంటారు. 2020లో వెలువడిన వాళ్ల లెక్క ప్రకారం పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకి 0.83 గ్రాములు. నాన్న 62 కిలోలు, అంటే 51 గ్రాములు. కండ తగ్గుతున్న వృద్ధులకు ఇంకాస్త ఎక్కువ, కిలోకి 1 నుంచి 1.2 దాకా ఉండటం మంచిదని మా డాక్టరు చెప్పారు. అంటే 62 నుంచి 74 గ్రాములు. మనం పెడుతున్నది 34. కడుపు నిండుతోంది గానీ కండకు అందాల్సిన దాంట్లో సగమే అందుతోంది. మా ఇంట్లో ఎవరూ ఆయన్ని పస్తు పెట్టలేదు. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ, అంతే.

“పప్పు ఇంకో గరిటె వేసుకోండి నాన్నా” అంటే “అరగదురా” అంటారు. “శనగలు ఉడకబెట్టాం” అంటే “పళ్లు లేవురా” అంటారు. డబ్బా తెచ్చి పాలల్లో కలిపి ఇస్తే ఒక గుక్క తాగి పక్కన పెట్టేశారు. “ఇది రోగులు తాగేది.” అయితే టీ మాత్రం ఇంతవరకూ ఎప్పుడూ కాదనలేదు. అర్ధరాత్రి ఇచ్చినా తాగుతారు. అక్కడే నాకు దుర్బుద్ధి పుట్టింది. చెప్పకుండా టీలో కలిపేద్దామనుకున్నాను.

ఆవు బొమ్మ

మామూలు ప్రొటీన్ పొడి వేడి టీలో వేస్తే ఉండలు కడుతుంది, నాన్నకు తెలిసిపోతుంది. నెట్‌లో వెతికితే ఒక రకం పొడి దొరికింది. రుచి లేదు, వాసన లేదు, వేడి టీలో చక్కెరలా కరిగిపోతుంది. డబ్బా మీద పచ్చిక మేస్తున్న ఆవు బొమ్మ. రెండు చెంచాలకు 18 గ్రాముల ప్రొటీన్ అని పెద్ద అక్షరాలు. ఆవు బొమ్మ ఉంది, పాలదే అనుకున్నాను. రోజూ రెండు పూటలా పన్నెండు రోజులు కలిపాను. నాన్న తాగారు. “టీ బాగుందిరా ఈమధ్య, పాలు మార్చావా?” అని కూడా అన్నారు. నేను లోలోపల మురిసిపోయాను.

పదమూడో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న వంటింటి బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. ముందు ఆ డబ్బా ఉంది. బెల్లం కోసం అలమర వెతికితే దొరికిందట. సైన్సు మాస్టారు, మందుసీసా మీద చిన్న అక్షరాలు కూడా వదలరు.

“టీలో ఏం కలిపావురా?”

“ప్రొటీన్ నాన్నా. పాల నుంచి తీస్తారు.”

“కొలాజెన్ అంటే ఏంటో తెలుసా నీకు? తోలు, ఎముక, కీళ్ల దగ్గరి నరం. బోవైన్ అని రాసుంది. అంటే పశువుది. పాలది కాదురా ఇది.”

అప్పుడు చదివాను వెనకవైపు. నిజమే. పశువుల తోలు నుంచి తీసిన పొడి. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషికి నా చేతులతో పన్నెండు రోజులు తాగించాను.

నాన్న కోప్పడలేదు. లేచి స్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్లారు. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. మర్నాడు పూజారిగారికి ఫోన్ చేసి మాట్లాడారు. ఆయన ఏం చెప్పారో నాన్న నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు రోజుల తర్వాత నాతో అన్నది ఒకే మాట. “నాకు పెట్టేది ఏదైనా నాకు చెప్పి పెట్టు. నేను చంటిపిల్లాణ్ణి కాదు.”

ఆ మాట నేను ఇంకా మోస్తూనే ఉన్నాను. ఆయన మంచి కోసమే చేశాను, నిజమే. కానీ ఆయన నోట్లోకి ఏం వెళ్లాలో ఆయన్ని అడగక్కర్లేదని నేనే తేల్చేసుకున్నాను. లేబుల్ వెనక్కి తిప్పకపోవడం ఒక తప్పు, ఆయన్ని అడగకపోవడం అంతకంటే పెద్ద తప్పు. అడిగి ఉంటే డబ్బా మొదటి రోజే ఆయన చేతిలో ఉండేది, మొదటి రోజే చదివేసేవారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మన శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని 9 అమైనో ఆమ్లాలు తిండి నుంచే రావాలి. కొలాజెన్‌లో వాటిలో ఒకటైన ట్రిప్టోఫాన్ అసలు ఉండదు. కండ పెంచడానికి అది సరైన ప్రొటీన్ కూడా కాదన్నమాట. అటు నియమం పోయింది, ఇటు ఫలితమూ లేదు.

డబ్బా వెనక ఏం చూడాలి

అందుకే ఇది మీరు ఫోన్లో రాసుకోండి. కొలాజెన్, జెలటిన్ అని ఉంటే జంతువు నుంచి వచ్చిందే. పక్కన మెరైన్ అని ఉంటే చేపది. ఎగ్ వైట్ అంటే గుడ్డు తెల్లసొన, కొన్ని మిశ్రమాల్లో కలుపుతారు. పచ్చిక మేసిన ఆవు అన్న మాట పాలపొడి డబ్బాల మీదా ఉంటుంది, కొలాజెన్ డబ్బాల మీదా ఉంటుంది. బొమ్మను నమ్మకండి.

వే అని ఉంటే పాలదే. పాలు విరగ్గొట్టి పనీరు తీశాక మిగిలే లేతపచ్చటి నీళ్లు ఉంటాయే, ఆ నీళ్లలోని ప్రొటీన్ అది. ఇక్కడ చీజ్ తయారుచేసేటప్పుడు పాలు విరగడానికి రెన్నెట్ అనేది వేస్తారు. అది దూడ కడుపు నుంచి తీసింది కావచ్చు, సూక్ష్మజీవులతో తయారుచేసింది కావచ్చు. కాబట్టి నియమం గట్టిగా పాటించేవాళ్లు శాకాహారం అని స్పష్టంగా రాసి ఉన్నది తీసుకోండి, లేకపోతే కంపెనీకి ఈమెయిల్ చేసి అడగండి. నాన్న అడిగించారు, రెండు రోజుల్లో జవాబొచ్చింది.

బఠానీ, సోయా పొడులు మొక్కల నుంచి వచ్చినవే. కానీ ఏకాదశికి పప్పుధాన్యాలు మానేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి, బఠానీ ప్రొటీన్ అంటే బఠానీయే, సోయా కూడా గింజే. ఆ రోజుకి పాలతో సరిపెట్టుకోవాలి.

ఈ దేశంలో ఇలాంటి పొడులను అమ్మకానికి పెట్టేముందు ప్రభుత్వం పరీక్షించి అనుమతి ఇవ్వదు. బయటి సంస్థ పరీక్షించిందని ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి ముద్ర ఉన్న డబ్బా తీసుకుంటే కాస్త ధైర్యం.

పొడి అసలే వద్దనుకుంటే దారులున్నాయి. ఒక కప్పు, అంటే 240 మి.లీ. మామూలు పాలల్లో 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. వడపోతతో చిక్కబరిచిన అల్ట్రా ఫిల్టర్డ్ పాలు దొరుకుతున్నాయి, వాటిలో 13 దాకా ఉంటుంది. వెన్న తీసిన పాలపొడి మూడు టేబుల్ స్పూన్లు కలిపితే ఇంకో 7, 8 గ్రాములు వస్తాయి. అందరికంటే చవక అదే. పాలు పడనివాళ్లు తియ్యదనం కలపని సోయా పాలు వాడొచ్చు, కప్పుకి సుమారు 7 గ్రాములు. బాదం పాలు మంచివని చాలామంది మారుతున్నారు. బాదంలో ప్రొటీన్ ఉన్నమాట నిజమే గానీ, ఆ డబ్బాలో ఎక్కువ భాగం నీళ్లే. కప్పుకి 1 గ్రాము దగ్గర ఉంటుంది.

అమ్మ మజ్జిగపులుసు

ఇక తయారీ. ఈసారి నాన్నతో కలిసే మొదలుపెట్టాం. శాకాహారం అని రాసి ఉన్న, రుచి కలపని వే ఐసొలేట్ పొడి తెచ్చాం. మరుగుతున్న టీలో వేశాను. పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా తేలింది. వే ప్రొటీన్ సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే ముద్దకట్టడం మొదలుపెడుతుంది. పోషకం ఎక్కడికీ పోదు, కోడిగుడ్డు ఉడికితే గట్టిపడినట్టే ఇదీను. కానీ ఆ టీ తాగలేం. రెండోరోజు దించాక వేశాను, ఉండలు కట్టింది. మూడోరోజు మిక్సీలో వేస్తే మూత ఎగిరి పైకప్పు మీద టీ పడింది. వేడి వస్తువు మూతపెట్టి మిక్సీలో తిప్పకండి, చెయ్యి కాలుతుంది.

నాన్న కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. అప్పుడన్నారు, “మీ అమ్మ మజ్జిగపులుసులో శనగపిండి ఎలా కలిపేది?”

ఎలా కలిపేది? మరిగేదాంట్లో పిండి పొయ్యదు కదా. ముందు చల్లటి మజ్జిగలో పిండి వేసి, ఉండల్లేకుండా చేత్తో చిదిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టేది. అమ్మ పోయాక ఆవిడ వంట గురించి నాన్న మాట్లాడటం అదే మొదటిసారి. నేను ఏమీ అనలేదు. ఫ్రిజ్‌లోంచి చల్లటి పాలు తీశాను.

ఒక పెద్ద గ్లాసుకి మేం చేసే పద్ధతి ఇది.

ముందు నీళ్లు ముప్పావు కప్పు. అందులో అరంగుళం అల్లం దంచి, రెండు యాలకులు చితక్కొట్టి, ఒక లవంగం, చిటికెన వేలి గోరంత దాల్చినచెక్క, మూడు మిరియాలు వేసి మూడు నిమిషాలు మరిగించండి. అల్లం ఎప్పుడూ నీళ్లలోనే మరగాలి. పచ్చి అల్లంలో పాలను విరిచే ఎంజైము ఉంది, మరిగితే దాని బలం పోతుంది. అల్లం టీ విరిగిపోయిందని పాలను తిట్టుకుంటాం గానీ చాలాసార్లు తప్పు తొందరపడ్డ మనదే.

తర్వాత టీ పొడి ఒకటిన్నర టీస్పూన్లు వేసి ఇంకో రెండు నిమిషాలు. ఎక్కువసేపు మరిగితే వగరు వస్తుంది. ఇప్పుడు పాలు అరకప్పు పోసి ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. బెల్లం వేసేవాళ్లు దించాకే వేయండి, పొయ్యి మీద వేస్తే విరగొచ్చు. షుగరున్నవాళ్లకి యాలకులు ఒకటి ఎక్కువ వేస్తే తీపి లేని లోటు కొంచెం తగ్గుతుంది.

దించి వడకట్టి మూడు నిమిషాలు ఆగండి. ఈలోగా గ్లాసులో పావు కప్పు చల్లటి పాలు తీసుకుని, అర స్కూపు పొడి వేసి ముద్దలేకుండా పలచగా కలపండి. ఆ చల్లటి పాలల్లోకి టీని సన్నటి ధారగా, కలుపుతూ పొయ్యండి. మొదటి రెండు గరిటెలు నెమ్మదిగా, తర్వాత ధారాళంగా. టీలోకి పొడి కాదు, పొడి ఉన్న పాలల్లోకి టీ. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా మీకు వచ్చిందే.

నురుగుకి బ్యాటరీతో తిరిగే చిన్న మెషీన్లు పది, పదిహేను డాలర్లకు దొరుకుతాయి. మా ఇంట్లో చెక్క కవ్వం ఉంది, అరచేతుల మధ్య పది తిప్పులు చాలు. అదీ లేకపోతే రెండు గ్లాసులతో ఎత్తి తిరగపొయ్యండి, మన ఊరి టీకొట్లలో నేర్పినట్టే.

ఇందులో పాలు మొత్తం ముప్పావు కప్పు, 6 గ్రాములు. మేం వాడే పొడి స్కూపుకి 20 గ్రాములు, అర స్కూపుకి 10. గ్లాసుకి 16 గ్రాములు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి, రెండూ కలిసి 32. మూడో టీ పాత పద్ధతిలోనే చిన్న గ్లాసు. నాన్న తన పెన్నుతో లెక్కవేసి మొత్తం 62 వచ్చిందని చూపించారు. స్ప్రెడ్‌షీట్ అవసరం లేకపోయింది.

టీ ఒక్కటే చాలదు

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్ని తప్పకుండా అడగండి. మనలో షుగరు, బీపీ ఎక్కువ, వాటితో కిడ్నీ దెబ్బతిన్నా చాలాకాలం తెలియదు. నాన్నకు కూడా రక్తపరీక్ష చూశాకే సరే అన్నారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాకే ఈ టీ తాగాలి, పాలల్లోని కాల్షియం మాత్రను ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్ర టీతో అసలు వద్దు. రాత్రి నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం డీకాఫ్ పొడితో చేసుకోండి. మా ఎనిమిదేళ్ల అమ్మాయికి టీ పొడి లేకుండా మసాలా పాలు మాత్రమే ఇస్తాం, తనకు అదే చాయ్ లాటే.

ఇంకొకటి, ఈ టీ భోజనానికి బదులు కాదు. ఇప్పుడు మా ఇంట్లో పప్పు కొంచెం గట్టిగా వండుతున్నాం, నాన్నకు అన్నం ముందు పప్పు పెడుతున్నాం. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం కూడా ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చోవడం, పదిసార్లు. తిన్న ప్రొటీన్ కండలోకి చేరాలంటే ఆ కండకు పని చెప్పాలి. అది రోజూ మర్చిపోతుంటే నాన్నే ఒక ఉపాయం కనిపెట్టారు. అల్లం నీళ్లు మరిగే మూడు నిమిషాలూ ఆయన కుర్చీలో లేస్తూ కూర్చుంటూ ఉంటారు, నేను పొయ్యి దగ్గర నిలబడి లెక్కపెడతాను. మొదట్లో నాలుగుకే ఆయాసం వచ్చేది.

ఐదు నెలలైంది. అద్భుతాలేవీ జరగలేదు. నేల మీద కూర్చుంటే ఇప్పటికీ గోడో, స్తంభమో పట్టుకునే లేస్తారు. కానీ తనంతట తానే లేస్తారు. ఉగాది రోజు పంచాంగ శ్రవణానికి కింద కూర్చున్నారు. చివర్లో నేను చెయ్యి చాచబోతే కళ్లతోనే వద్దన్నారు. స్తంభం పట్టుకుని లేచారు. ఆ స్తంభం అదిగో, ఎడమవైపు రెండోది. అందుకే ఆయన ఎప్పుడూ అక్కడే కూర్చుంటారు. ఎవరైనా ముందే కూర్చుని ఉంటే కొంచెం జరగండి.

ఈ ప్రసంగానికి ఒప్పుకునే ముందు నాన్నని అడిగాను. డబ్బా సంగతి నలుగురిలో చెప్పనా అని. కాసేపు ఆలోచించి, “చెప్పు. ఇంకో ఇంట్లో జరక్కుండా ఉంటుంది. నా పేరు చెప్పినా ఫర్వాలేదు, నీది మాత్రం తప్పకుండా చెప్పు” అన్నారు.

మనలో చాలామంది ఇళ్లల్లో అమ్మానాన్నలు ఉన్నారు. కొందరు ఆరు నెలల కోసం వచ్చినవాళ్లు, కొందరు మాతోపాటు ఉండిపోయినవాళ్లు. అలవాటైన ఊరు, అలవాటైన వాకిలి, తోడుగా నడిచిన మనిషి, ఇవన్నీ వదులుకుని వచ్చినవాళ్లకు తమ చేతిలో మిగిలింది చాలా తక్కువ. నోట్లో ఏం పెట్టుకోవాలన్నది ఆ మిగిలినవాటిలో ఒకటి. మన తొందరలో, మన ప్రేమలో దాన్ని కూడా లాక్కోవద్దు. డబ్బా తెచ్చి వాళ్ల ముందు పెట్టండి. కళ్లజోడు ఇవ్వండి. చదవనివ్వండి. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో వినండి. మా ఇంట్లో ఉండలు కట్టని టీ అలా అడిగాకే వచ్చింది.

బయట బల్ల మీద రెండు ఫ్లాస్కులు పెట్టాం. ఎర్ర మూతది ప్రొటీన్ టీ, నీలం మూతది మామూలు అల్లం టీ. రెండింటిలోనూ పాలు ఉన్నాయి, గింజపప్పులు లేవు. ఏది నైవేద్యానికి పెట్టింది కాదు, మా ఇంట్లో చేసి తెచ్చింది. పొడి డబ్బా కూడా పక్కనే ఉంది, వెనకవైపు తిప్పి పెట్టాను. బల్ల దగ్గర నాన్న కూర్చుని ఉన్నారు. లేబుల్‌లో ఏ మాట అర్థం కాకపోయినా ఆయన్నే అడగండి. టీ పొయ్యడానికి కుర్చీలోంచి లేస్తారు. ఎవరూ సాయం చెయ్యబోకండి, లెక్కపెడుతున్నారు.